రేకు మీది ముఖం

కొత్త ఇల్లు కట్టేచోట దిష్టి బొమ్మ కనిపిస్తే జనం ఒకసారి చూసి తమ దారిన తాము పోతారు. నాకు మాత్రం కాళ్లు అక్కడే ఆగిపోతాయి, ఒళ్లు మండుతుంది. పక్కన నడిచేవాళ్లు ఏమైందని అడుగుతారు. ఏమీ లేదని తోసేస్తూ వచ్చాను ఇన్నేళ్లూ. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి మెత్తగా చెప్పదలచుకోలేదు.

అరవైల మొదట్లో తమిళనాట రాజపాళయంలో మా ఆడపిల్లల హైస్కూలుకు కొత్త కట్టడం మొదలుపెట్టారు. అప్పటిదాకా మేం చదివింది ఒక పాత పత్తి గోడౌనులో. గోడ సందుల్లో దూది ఇంకా మిగిలే ఉండేది. చరిత్ర పాఠం సగం, తుమ్ములు సగం. సొంత కట్టడం వస్తుందంటే మాకు పండగే. ఊరి పెద్దలు కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీకి పెద్ద మా పెదనాన్న. మనిషి మంచివాడని ఊరంతా అనేవారు, నేనూ అనేదాన్ని.

స్థలం రోడ్డు పక్కనే. సేత్తూరు బస్సులు దాని ముందు నుంచే పోయేవి. ఇటుక దుమ్ము రోడ్డు మీద పడుతోందని, దారిన పోయేవాళ్లు పని మానుకుని లోపలికి తొంగి చూస్తున్నారని, చుట్టూ తగరపు రేకులు నిలబెట్టారు. పత్తి గోడౌను కప్పు నుంచి ఊడదీసిన తుప్పు రేకులు. చదువు చెప్పే చోటు జైలులాగా కనిపించేది. మద్రాసు వెళ్లొచ్చిన కమిటీ మెంబరు ఒకాయన, అక్కడ ఏదో కట్టడం చుట్టూ రేకుల మీద కాలేజీ పిల్లలు బొమ్మలు వేశారని, మనమూ వేయిస్తే ఊరికి అందంగా ఉంటుందని అన్నాడు. పెదనాన్నకు నచ్చింది. పని మా డ్రాయింగ్ మాస్టరుకు అప్పజెప్పారు.

రోడ్డు వైపు పది రేకులు. నాలుగు ఊళ్లో బోర్డులు రాసే పెయింటరుకు, మూడు మగపిల్లల హైస్కూలుకు, మూడు మాకు. పెయింటరు చెయ్యి పడని గోడ ఊళ్లో లేదు. లారీల వెనక చిలకలు ఆయనవే, సినిమా హాలు కొట్టాయి మీద బొమ్మలు ఆయనవే, గుళ్లో వాహనాలకు రంగు వేసేదీ ఆయనే. ఆయన దగ్గర డబ్బాల్లో ఆయిల్ పెయింటు ఉండేది. మాకు రంగు పొడులు, తుమ్మ బంక, నీళ్లు. ఈ తేడా అప్పుడు నేను పట్టించుకోలేదు.

మాస్టరు ముందు రేకులన్నీ తోమించాడు. తర్వాత తలెత్తి పరంజా వైపు చూశాడు. అక్కడ గడ్డి కూరిన దిష్టి బొమ్మ వేలాడుతోంది. చిరిగిన చొక్కా, కుండ తల, దాని మీద సున్నంతో గుడ్లు. ఇంత అందమైన బొమ్మల నెత్తిన ఆ వికారం ఏమిటని దాన్ని దించేయమన్నాడు. మేస్త్రీ గొణిగాడు. దిష్టి బొమ్మ లేకుండా కట్టడం లేపేది తానెక్కడా చూడలేదన్నాడు. మాస్టరు వినలేదు, దించేయించాడు.

పెయింటరు నెమలి మీద మురుగన్‌ని వేశాడు. అయ్యనార్ జలపాతాన్ని వేశాడు. ఒక దేశనాయకుణ్ణి వేశాడు. పొగ గొట్టంతో సహా స్పిన్నింగ్ మిల్లును వేశాడు. మగపిల్లలు ఒక ట్రాక్టరు, ఒక దేశపటం, మా ఊరి పేరున్న జాతి తెల్ల కుక్క. కుక్క బాగా కుదిరింది, మూతి కాస్త దూడలాగా వచ్చింది అంతే. మా స్కూల్లో ఇద్దరు పిల్లలు, ఒకరు పెద్ద ముగ్గు, ఇంకొకరు పూలకుండీ. గేటు పక్క రేకు నాకు దక్కింది. నాకప్పుడు పదిహేనేళ్లు. మనుషుల ముఖాలు తప్ప మరొకటి గీయబుద్ధయ్యేది కాదు.

ఆ కట్టడంలో సట్టి మోసే ఆడవాళ్లలో ఒకామె ఉండేది. సట్టి అంటే సున్నపు గార నింపి నెత్తిన పెట్టుకునే ఇనప గిన్నె. ముప్పై ఏళ్లకు లోపే ఉంటాయి. ఊరి చివర వీధి. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లే, ఎప్పుడో వందల ఏళ్ల కింద మాతోపాటే ఇటు వచ్చినవాళ్లే. అయినా మా పెరటి గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్లు కారు. నాకంటే అంత పెద్దదైనా నేను ఆమెను పేరుపెట్టే పిలిచేదాన్ని, నువ్వు అనేదాన్ని. మా వీధిలో దాన్ని ఎవరూ తప్పనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

నిండు సట్టి నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి పరంజా చెక్క మీద నడిచేది. ముక్కు పక్కన శనగ గింజంత పుట్టుమచ్చ. నవ్వితే ఎడమ పక్క పన్ను ఒకటి మిగతావాటి మీదికి ఎక్కి ఉండేది. మూడు రోజులు మధ్యాహ్నం ఆమె సామాన్ల కొట్టం నీడలో కూర్చుని సద్దల గంజి తాగేటప్పుడు ఎదురుగా కూర్చుని బొగ్గుతో గీశాను.

"నా మొగమెందుకు పాపా? నిండా సామి బొమ్మలుండాయి గదా, ఒకటి గీయి" అన్నది మొదటి రోజు.

"నువ్వు కదలకుండా కూసో" అన్నాను నేను.

కూర్చుంది. రెండో రోజు జుట్టు తడి చేసి దువ్వుకుని వచ్చింది. మూడో రోజు, "మచ్చ కూడా పెట్టినావా? మా అమ్మ చూస్తే మచ్చ యాడ అని అడుగుతాది" అన్నది.

రేకు మీద రంగులు వేయడానికి వారం పట్టింది. నెత్తిన సట్టి, వెనక సగం లేచిన గోడ, ఆకాశం, మధ్యలో ఆ ముఖం, ఆ నవ్వు. నా చేతికి అంతకు ముందుగాని తర్వాతగాని అంత బాగా ఏదీ రాలేదు. ఇది డంబం కాదు. బస్సులో వెళ్లేవాళ్లు కిటికీలోంచి తల బయట పెట్టి చూసేవారు. తోటి కూలీలు వచ్చి ఆమెను రేకు పక్కన నిలబెట్టి అటూ ఇటూ చూసి నవ్వేవారు. పెయింటరు కూడా వచ్చి చాలాసేపు చూసి, "కండ్లు బాగా పడినాయి పాపా. కండ్లు పడేది కష్టం" అన్నాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆమె ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదట. పెళ్లిలో కూడా తీయలేదట. తళవాయిపురంలో ఉన్న తల్లిని ఆదివారం బస్సెక్కించి తీసుకొచ్చి చూపిస్తానన్నది. అందుకోసం శనివారం పని మానుకుని ముందే అక్కడికి వెళ్లింది.

ఆ ముందటి రోజే, శుక్రవారం, పరంజా తాడు తెగింది. గోడ కట్టేవాడు ఒకడు కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తాడు పాతది. నానిపోయిన పాత తాడుతో పని చేయిస్తున్నారని కూలీలందరికీ తెలుసు. ఆ మాట పైకి అన్నవాడు లేడు. మేస్త్రీ నేరుగా మా పెదనాన్న దగ్గరికి వెళ్లి, దిష్టి బొమ్మను దించేసినందుకే ఇలా అయిందన్నాడు. కమిటీ కూర్చుంది. కొత్త తాడు కొనాలని ఒక్కరికీ తోచలేదు. దిష్టి బొమ్మ కావాలని అందరికీ తోచింది.

మళ్లీ గడ్డి బొమ్మ పెట్టుకుని ఉంటే నాకేం బాధ లేదు. కానీ రోడ్డున పోయే ప్రతివాడి కళ్లూ గేటు పక్క బొమ్మ మీదే పడుతున్నాయి, దిష్టి బొమ్మ పని అదే కదా, దాన్నే మార్చేస్తే సరి అన్నాడట ఒక పెద్దమనిషి. మిగతావాళ్లు భలే ఆలోచన అన్నారట. మురుగన్‌కు కోరలు పెట్టగలరా? నాయకుడికి నాలుక వేలాడదీయగలరా? కుక్కను ముట్టుకున్నా మా వీధిలో గొడవలైపోయేవి, ఇంటింటికీ ఆ జాతి కుక్క ఉంది మరి. పది రేకుల్లో కోరలు పెట్టడానికి వీలైన ముఖం ఒక్కటే దొరికింది ఆ మహానుభావులకు.

శనివారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చూశాను. మొదట నా రేకును ఎవరో మార్చేశారనుకున్నాను. తర్వాత మచ్చ కనిపించింది. పెయింటరు పని తెలిసినవాడు. ముఖాన్ని చెరపలేదు. సట్టి అలాగే ఉంది, మచ్చ అలాగే ఉంది, ఎడమ పక్క పన్ను అలాగే ఉంది. దాని పక్క నుంచి రెండు కోరలు గడ్డం దాకా దించాడు. ఎర్రటి నాలుక వేశాడు. నేను కష్టపడి వేసిన కళ్ల చుట్టూ గుడ్లు గీసి, వెలుపలికి పొడుచుకొచ్చేటట్టు చేశాడు. కొమ్ములు కూడా పెట్టాడు. ఎవరిదో తెలియకుండా పోయి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. చూసిన వాడెవడైనా ఆమెను గుర్తుపడతాడు.

పెయింటరు అక్కడే కుంచెలు కిరసనాయిలులో కడుక్కుంటున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"ఏం అన్నా, ఇట్ల చేసినారు?" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"పెద్దవాండ్లు చెప్పినారు పాపా. నేను చెయ్యకుంటే ఇంకొకడు చేస్తాడు. వాడైతే పాడు చేసుంటాడు" అన్నాడు.

తాను పాడు చేయలేదని ఆయన నమ్మకం. మాస్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, కమిటీ నిర్ణయం అన్నాడు.

ఇంటికి వచ్చి పెదనాన్న ఎదుట నిలబడ్డాను. అంతకు ముందు ఎప్పుడూ ఆయన ఎదుట గొంతు పెంచి ఎరుగను.

"పెద్దనాయనా, ఆ రేకు మీది పడము, ఆ బొమ్మ, నేను వేసినాను."

"తెలుసమ్మా. బాగా వేసినావు. అందుకే అందురి కండ్లూ దాని మీద పడతా ఉండాయి" అని నవ్వాడు.

"అది నిజం మనిషి. రేపు వాండ్లమ్మ తళవాయిపురం నుంచి చూసేదానికి వస్తా ఉండాది."

"రానీ. ఆ యమ్మకేం తరిగిపోయింది? సట్టి మోసే ఆడది. మొగము ఇంటికి ఎత్తుకొని పోతామా మనం?"

"నా మొగమైతే కోరలు పెట్టిస్తారా?"

నవ్వు ఆగిపోయింది. "నీ మొగము రోడ్డు మీద ఎవుడు పెట్టనిస్తాడు? మీ అమ్మది పెట్టనిస్తామా, మీ పెద్దమ్మది పెట్టనిస్తామా? పో, లోపలికి పో."

లోపలికి వెళ్లాను. కోపంతో అన్నం తినలేదు. కానీ ఆయన మాట నన్ను వదల్లేదు. మా ఇంటి ఆడవాళ్లు బస్సెక్కితే కిటికీ పక్క కూర్చోరు. పెళ్లి ఫొటోలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నేను బొగ్గు పట్టుకుని నేరుగా కొట్టం నీడకు ఎందుకు వెళ్లానో ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆ ముఖాన్ని గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నాకూ తెలుసు. కమిటీకి ఎలా తెలుసో అలాగే తెలుసు.

ఆదివారం పొద్దున్నే మా పశువుల కొట్టానికి వెల్ల వేయడానికి కలిపిన సున్నం ఒక బిందెలో తీసుకుని, తాటినార కుంచె కొంగు కింద దాచుకుని, వెనక సందులోంచి బయలుదేరాను. తల్లీ కూతుళ్లు వచ్చేలోగా ఆ రేకును తెల్లగా చేసేయాలి. బొమ్మ లేకపోతే పోయింది, వాన పడి చెరిగిందని చెప్పవచ్చు. వాన ఎక్కడ పడిందని అడిగితే ఏం చెప్పాలో ఆలోచించలేదు.

గేటు దగ్గర కావలి ముసలాయన ఒక్కడే ఉన్నాడు. రేకు ముందు బూడిద గుమ్మడికాయ పగిలి ఉంది. కుంకుమ నీళ్ల మీద ఈగలు. నా చేతిలో బిందె చూసి ఆయన లేచి వచ్చాడు.

"తాకొద్దు పాపా. దానికి కాయ కొట్టినారు. గృహప్రవేశం అయ్యేదాకా తాకకూడదు. తాకితే కట్టిడం దిష్టంతా నిన్ను పట్టుకుంటాది."

కుంచె సున్నంలో ముంచాను. చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. రాత్రంతా ఊరిని తిట్టుకున్నదాన్ని, కమిటీని మూర్ఖులన్నదాన్ని, నాకు భయం వేసింది. ఆ గుడ్లు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆ గుడ్ల మధ్యలో ఉన్నవి నేను వేసిన కళ్లే. అయినా చెయ్యి కదల్లేదు. నా మీద నాకు వచ్చిన కోపం ముందు పెదనాన్న మీది కోపం ఏపాటిది!

వాళ్లు వచ్చారు. ఆమె పసుపు చీర కట్టుకుని తలలో కనకాంబరాలు పెట్టుకుంది. తల్లి చిన్న మనిషి, చేతిలో గుడ్డ సంచి. ఆ చివర నుంచి ఒక్కొక్క రేకూ చూసుకుంటూ వచ్చింది. మురుగన్‌కు దండం పెట్టుకుంది. కుక్క దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీది ఏదే?" అని అడిగింది కూతుర్ని.

ఆమె అప్పటికే చూసేసింది. నన్నూ చూసింది, నా చేతిలో కుంచెనూ చూసింది.

ముసలామె ఆ రేకు ముందుకు వచ్చి నిలబడింది. వేలితో మచ్చను చూపించి, "ఇదా?" అన్నది.

"ఆమా" అన్నది కూతురు. "నేనే."

ఆమె నా దగ్గరికి వచ్చి చేతిలోంచి కుంచె తీసుకుంది. కావలి ముసలాయన అరిచాడు, తాకొద్దన్నాడు, దిష్టి అన్నాడు.

"నా మొగమే గదా పెద్దాయనా, నన్నేం చేస్తాది?" అన్నది.

పూల వరస నలగకుండా కొంగు నెత్తి మీదికి లాక్కుని సున్నం కొట్టింది. పని తెలిసిన చేతులు. నా రంగులు నీళ్ల రంగులు, బంకతో కలిపినవి. కుంచె తగలగానే కరిగిపోయాయి. చెంపలు పోయాయి, మచ్చ పోయింది, నవ్వు పోయింది, నెత్తిన సట్టి పోయింది. పెయింటరువి ఆయిల్ రంగులు. వాటి మీద సున్నం నిలవలేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ జారింది. మూడోసారి ఇంకా గట్టిగా రుద్దింది. చివరికి తెల్లటి రేకు మీద రెండు గుడ్లు, రెండు కోరలు, ఒక నాలుక, కొమ్ములు మిగిలాయి. ఆమె ముఖం మాత్రం ఎక్కడా లేదు.

కుంచె బిందెలో పడేసి, చేతులు తుడుచుకుని, "దా అమ్మా, ఇంటికి పోదాము" అన్నది.

సోమవారం మేస్త్రీ ఆమెను లోపలికి రానివ్వలేదు. వాళ్ల దిష్టి బొమ్మకు ఏ లోటూ రాలేదు, అసలు ముందుకంటే భయంకరంగా ఉంది. అయినా కాయ కొట్టిన దానిమీద చెయ్యి వేసిందట. ఈ సంగతి తెలిసి నేను మళ్లీ పెదనాన్న దగ్గరికి వెళ్లి, సున్నం తెచ్చింది నేనని, కుంచె ఎత్తింది కూడా నేనని చెప్పాను. ఆయన నా మాట పూర్తి కాకముందే లేచి తలుపు మూశాడు.

"నువ్వు ఆ పక్కకే పోలేదు. బిందె ఎవురిదో మనకు తెలీదు. మన యింటి ఆడబిడ్డ ఆదివారం పూట రోడ్డు మీద సున్నం బిందెతో నిలబడిందని ఎవుడన్నా అంటే ఏం కావాల? ఇంగ ఈ మాట ఎత్తొద్దు."

కావలి ముసలాయనకూ అదే మాట చెప్పించారు. అలా నా తప్పు నాకు లేకుండా చేసి, ఉన్నదంతా ఆమె నెత్తినే వేశారు. నా పరువు కాపాడారట! ఆ పరువును అవతల పారేయడం నాకు చేతకాలేదు. పదిహేనేళ్లని చెప్పుకుంటే సరిపోతుందా? బజారుకు వెళ్లి గట్టిగా అరిచి ఉండవచ్చు. అరవలేదు.

మూడు నాలుగు వారాలయ్యాక బస్టాండు దగ్గర కనిపించింది. సేత్తూరులో పని దొరికిందట, రోజూ బస్సులో వెళ్లివస్తోందట. నేను మాట్లాడేలోపే కండక్టరు బస్సులోంచి తొంగి చూసి, "ఏయ్ దిష్టి బొమ్మా, ఎక్కుతావా లేదా?" అని నవ్వుతూ పిలిచాడు. ఎగతాళి కూడా కాదు. అలవాటైపోయిన పిలుపు.

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను మళ్లా గీస్తాను. ఇంకా బాగా గీస్తాను. ఆయిల్ పెయింటుతో, ఎవురూ చెరపకుండా" అన్నాను తడబడుతూ.

ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉండి ఉంటే బాగుండేది.

"నన్నొద్దు పాపా. గీసేదుంటే మీ అమ్మను గీయి. గీయనిస్తాదేమో చూడు" అని ఎక్కేసింది.

ఆ సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని దీపానికి వత్తులు చేస్తోంది. కాగితం, బొగ్గు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. నుదురు గీశాను, ముక్కు మొదలుపెట్టాను. అమ్మ తలెత్తి చూసింది. చప్పున కొంగు ముఖానికి అడ్డం లాక్కుంది.

"వద్దే. నన్ను గీయొద్దు" అన్నది.

నేను వెంటనే బొగ్గు కింద పెట్టేశాను.